మామగారి భవంతి, అత్తగారి మోకాళ్ళు, మీ రాత్రి కాల్స్: అన్నీ 300 గజాల్లో

ప్రశ్న: మాది సూర్యాపేట వైపు ఊరు. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. మా మామగారు ఎప్పుడో బోడుప్పల్‌లో కొన్న 300 గజాల స్థలంలో ఇప్పుడు ఇల్లు కడదామనుకుంటున్నాం. తూర్పు ముఖం, 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. మామగారికి 74, అత్తమ్మకు 68. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మేమిద్దరం, పదో తరగతి చదివే పాప, నాలుగో తరగతి బాబు. మా మరిదికి పోయిన సంవత్సరమే పెళ్ళయింది, వాళ్ళూ మాతోనే ఉంటామంటున్నారు. మామగారు తాను పుట్టి పెరిగిన భవంతి ఇంటిలా నడుమ ఆకాశం కనబడాలంటారు. మా ఆయనకు డబుల్ హైట్ హాలు (రెండంతస్తుల ఎత్తున్నది), ఓపెన్ కిచెన్ కావాలి. నేను సాఫ్ట్‌వేర్, రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటాయి. మేస్త్రీ ఏమో కింద మొత్తం పార్కింగ్‌కు వదిలేసి పైన తలొక ఫ్లోరు వేసుకోండి, గొడవుండదు అంటున్నాడు. సంప్రదాయం పోకుండా, ఇప్పటి అవసరాలకు తగ్గట్టు ఇల్లు ఎలా కట్టుకోవాలి? ఇంకో మాట. మా అమ్మ ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది. ఎప్పటికైనా నా దగ్గరికి రావాల్సిందే. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎత్తలేదు. నా పేరు వేయకండి.

సమాధానం: మీరు చివర్లో, పోతూ పోతూ అన్నట్టు రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. మీ అమ్మగారి సంగతి ప్లాన్ గీయకముందే ఇంట్లో చెప్పండి. ముందు మీ ఆయనకు, తర్వాత ఇద్దరూ కలిసి అత్తమామలకు. గృహప్రవేశం అయ్యాక చెబితే ఉన్న గదుల్లో ఎవరిది ఖాళీ చేయాలన్న పంచాయితీ మొదలవుతుంది. ఇప్పుడే చెబితే కింద ఇంకో గది, ఇంకో బాత్రూం, అంతే. తల్లిదండ్రులను చూసుకునే బాధ్యత కొడుకుతో పాటు కూతురికీ ఉందని 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా చెబుతోంది. కాబట్టి మొహమాటపడాల్సిన పనిలేదు. ఆ గదిని ప్లాన్‌లో గెస్ట్ రూమ్ అని మాత్రం రాయించకండి. అలా రాసిన గదిలోకి ముందు ఇస్త్రీ టేబుల్ వస్తుంది, తర్వాత పాత సూట్‌కేసులు వస్తాయి, ఆమె వచ్చేనాటికి అది స్టోర్ రూమ్ అయిపోయి ఉంటుంది. "అమ్మ గది" అనే రాయించండి.

ఇక ఇంటి సంగతి. మీ ఉత్తరం చదివితే ఇంట్లో తలొక మాట అంటున్నట్టు ఉంది గానీ, మామగారి కోరికకూ మీ అవసరానికీ నిజానికి పేచీ లేదు. భవంతి ఇంటిని ఒకసారి గుర్తు చేసుకోండి. దర్వాజ, దానికి అటూ ఇటూ అరుగులు. లోపలికి అడుగుపెడితే చెక్క స్తంభాల మీద నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. చుట్టూ అర్రలు. ఏ అర్ర తలుపు తీసినా ఎదురుగా కనబడేది అందరిదీ అయిన ఆ నడిమి జాగానే. ఒకరి గదిలోంచి ఇంకొకరు నడిచే పని లేదు. తలుపు వేసుకుంటే ఎవరి లోకం వాళ్ళది, తీస్తే నలుగురిలో ఉన్నట్టే. గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలిలోనూ ఏర్పాటు ఇదే. మూడు తరాలు ఒక కప్పు కింద సర్దుకోగలిగాయంటే సహనం ఒక్కటే కారణం కాదు, ఇల్లు కట్టిన తీరు కూడా కారణం. మీరు పాత ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది ఆ తలుపుల అమరిక. కారైకుడి నుంచి తెప్పించే చెక్కిన స్తంభాలు, ఇత్తడి గంటల గొలుసులు డబ్బు మిగిలితే తర్వాత పెట్టుకోవచ్చు. వాటితో మొదలుపెట్టిన ఇళ్ళు బయటి నుంచి చూస్తే రిసార్ట్‌లా ఉంటాయి, లోపల మాత్రం మామూలు అపార్ట్‌మెంట్ ప్లానే.

ఇంకో పని చేయండి. మామగారిని భవంతి గురించి అడిగినట్టే అత్తగారినీ విడిగా కూర్చోబెట్టుకుని అడగండి. అదే కాలపు ఇంట్లో ఆమెకు గుర్తున్నది వెన్నెల్లో పడుకున్న నడిమి జాగా కాకపోవచ్చు. పొగ పట్టిన వంటిల్లు, వాన పడుతుంటే పెరట్లో దూరాన ఉన్న స్నానాల గదికి పరుగు, కొత్త కోడలిగా ఒక్క నిమిషం ఒంటరిగా కూర్చునే చోటు దొరక్కపోవడం గుర్తుండొచ్చు. ఆ జ్ఞాపకాలు కూడా మీ ప్లాన్‌కు కావాలి. పాత ఇంట్లో మంచి ఉంది, ఆడవాళ్ళ నడుములు విరగ్గొట్టిన భాగమూ ఉంది. రెండోదాన్ని మళ్ళీ కట్టాల్సిన అవసరం లేదు.

నడిమి జాగా గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఎక్కువ ఇళ్ళు దెబ్బతినేది ఇక్కడే. సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీ, వదిలాక మీకు ఒక్కో అంతస్తుకు సుమారు 1600 చదరపు అడుగులు దక్కుతుంది. అందులో 10 అడుగులకు 12 అడుగుల నడిమి జాగా అంటే 120 చదరపు అడుగులు. దండగ కదా అని బంధువులంతా అంటారు. కానీ మామూలు ప్లాన్‌లో గదుల మధ్య కారిడార్లకు పోయే జాగా ఇంచుమించు అంతే ఉంటుంది, దానికి వెలుతురూ ఉండదు, గాలీ ఉండదు. గదుల తలుపులన్నీ నడిమి జాగా చుట్టూ ఉన్న వసారాలోకి తీస్తే కారిడార్ అక్కర్లేదు.

మీ ఆయనకు నేరుగా ఒక మాట చెప్పండి: డబుల్ హైట్ హాలు, నడిమి జాగా రెండూ ఈ స్థలంలో పట్టవు. రెంటిలో నడిమి జాగానే తీసుకోమని నా సలహా. ఆయన కోరుకునే ఎత్తు అక్కడ ఎలాగూ దొరుకుతుంది. డబుల్ హైట్ హాల్లో టీవీ పెడితే సీరియల్ డైలాగులు పైన పడకగదిలో ఉన్నవాళ్ళకూ వినబడతాయి, ఏసీ వేస్తే అంత ఎత్తు హాలును చల్లబరచడానికి బిల్లు పేలిపోతుంది.

నడిమి జాగా మీద గ్లాసు కప్పు వేయించవద్దు. మనం దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ కూడా పడదు. ఆ ఎండ గాజులోంచి దిగి లోపలే ఉండిపోతుంది. ఇంగ్లండ్ ఇళ్ళ ఫొటోలు చూసి వేసిన గాజు కప్పుల కింద, ఏప్రిల్ వచ్చిందంటే ప్లాస్టిక్ షీట్లు, దుప్పట్లు కట్టుకుంటున్న ఇళ్ళు ఈ ఊళ్ళో నేను చూశాను. చేయాల్సింది ఇది. నడిమి జాగా మీద స్లాబు కంటే రెండడుగులు ఎత్తులో వేరే కప్పు పెట్టండి, నాలుగు వైపులా అది బయటికి చాచి ఉండాలి. ఆ రెండడుగుల సందుకు గట్టి గ్రిల్, దోమల జాలీ. పావురాలు, కోతులు, దొంగలు, దోమలు, నలుగురికీ అదే జవాబు. వేడి గాలి ఆ సందులోంచి పైకి పోతుంటే కింద కిటికీల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వాన జల్లు పడ్డా కొంచెమే. ఆకాశం కనబడాల్సిందే అని మామగారు పట్టుబడితే ఆ కప్పులో కొంత భాగం తెరిచి, కింద నేలను నాలుగంగుళాలు దించి, నీళ్ళు పోయే గొట్టం కనీసం 4 అంగుళాలది వేయించండి. ఆ నీళ్ళను డ్రైనేజీలోకి కాక ఇంకుడు గుంతకు మళ్ళించండి. బోర్లు ఎండిపోయే బోడుప్పల్‌లో అది మీకే పనికొస్తుంది.

ఒక షరతు ఉంది. చుట్టూ మూడంతస్తులు లేపితే ఆ నడిమి జాగా బావిలా అయిపోతుంది, కిందికి వెలుతురు చేరదు. రెండో అంతస్తును సగమే కట్టి, మిగతా సగం డాబాగా వదిలేయండి.

ఇప్పుడు మేస్త్రీ మాట. కింద మొత్తం పార్కింగ్, పైన తలొక ఫ్లోరు. ఇది వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఒక్క నిర్ణయంతో మీ అత్తగారు ఇంట్లో ఖైదీ అయిపోతారు. నేల మీద ఉన్న మనిషి పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వేస్తుంది, కూరగాయల బండి ఆపి బేరమాడుతుంది, పక్కింటావిడతో పది నిమిషాలు మాట్లాడి లోపలికి వస్తుంది. మొదటి అంతస్తుకు ఎక్కించిన రోజు నుంచి ఆమె లిఫ్ట్ కోసం, కరెంటు కోసం, ఇంకొకరి చెయ్యి కోసం ఎదురుచూడాలి. కింది అంతస్తు పెద్దవాళ్ళకు ఇవ్వండి. ముందు భాగంలో రెండు కార్లు, బళ్ళు పట్టేంత వదిలి, వెనక అత్తమామల గది, మీ అమ్మగారి గది, వంటిల్లు, హాలు, నడిమి జాగా పెట్టుకోండి. కింది అంతస్తులో ఇంకో సుఖం కూడా ఉంది. పైన స్లాబుకు ఎండ తగలదు కాబట్టి మే నెలలోనూ ఇంట్లోకెల్లా చల్లగా ఉండేది అదే.

అయితే గుమ్మం ఎక్కడమే ఒక సమస్య. మన ఊళ్ళో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు, ఇల్లు ఏడాదికేడాది పల్లంలోకి పోతుంది. 2020 అక్టోబర్ వరదలు చూశాక అందరూ పునాది ఎత్తు పెంచుతున్నారు, అది సబబే. కానీ నేల నుంచి గడప దాకా 2 అడుగుల ఎత్తు అంటే, చక్రాల కుర్చీ సులువుగా ఎక్కాలంటే 1కి 12 చొప్పున 24 అడుగుల వాలు కావాలి. మీ స్థలం వెడల్పులో సగం పైనే. మెట్ల పక్కన మేస్త్రీ నాలుగడుగుల్లో సిమెంటుతో పోసే జారుడుబల్ల వాలు కాదు, దాని మీద ముసలివాళ్ళను తోసుకెళ్ళడం ప్రమాదం. పార్కింగ్ పక్కనే, గోడ వెంట మూడున్నర అడుగుల వెడల్పుతో, మలుపు దగ్గర ఐదడుగుల చదును వదిలి, రెండు వైపులా పట్టుకునే కమ్మీతో ఆ వాలును మొదటి డ్రాయింగ్‌లోనే గీయించండి. కట్టాక దానికి చోటు దొరకదు. ఇవాళ అత్తగారు నడుస్తున్నారు కదా అనుకోవద్దు. మోకాలి ఆపరేషన్ అయిన వారానికే అది కావాల్సి వస్తుంది.

గడప సంగతి చాలా ఇళ్ళలో గొడవ. పెద్దవాళ్ళకు పసుపు కుంకుమ పెట్టే గడప లేకుండా ఇల్లే కాదు. వాళ్ళు అనేది న్యాయమే. సింహద్వారానికి ఒక్కదానికి గడప ఉంచండి, అంగుళం లోపు ఎత్తులో, రెండు అంచులూ ఏటవాలుగా చెక్కించి. పసుపు రాయడానికి అంత చాలు, చక్రం కూడా దాటుతుంది. ఇంటి లోపల మాత్రం ఏ గదికీ గడప వద్దు, బాత్రూంకూ వద్దు. నీళ్ళు బయటికి రాకుండా చేయాల్సింది నేల వాలు.

పెద్దవాళ్ళ బాత్రూం దగ్గర డబ్బుకు వెనకాడకండి. హాలు సీలింగ్ లైట్లకు పెట్టే డబ్బులో సగం ఇక్కడ పెట్టినా ఎక్కువ ఫలితం. మేస్త్రీలు అలవాటుగా బాత్రూం తలుపు రెండున్నర అడుగులు పెడతారు. మీకు లోపలి ఖాళీయే మూడడుగులు కావాలి, అంటే దర్వాజా చట్రం అంతకంటే వెడల్పు చేయించాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతారు. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది ఉండాలి. కమోడ్ సీటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాలు ఉంటే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. పక్కన పట్టుకునే కమ్మీలు మనిషి బరువు మొత్తం ఆపాలి, కాబట్టి అవి బిగించే చోట గోడలో గట్టి ఇటుక గానీ కాంక్రీటు పట్టీ గానీ ముందే పెట్టించండి. తేలిక బ్లాకుల గోడకు, టైల్స్ వేశాక మామూలు స్క్రూలతో బిగించిన కమ్మీ సరిగ్గా అవసరమైన రోజే ఊడొస్తుంది. నేలకు గరుకు టైల్స్. ఇల్లంతటికీ మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వద్దు, మన తాండూరు బండ వేయించండి. కాలికి చల్లగా ఉంటుంది, మాసినట్టు కనబడదు, మన వికారాబాద్ జిల్లా నుంచే వస్తుంది, మామగారికి చిన్నప్పటి నేల తగిలినట్టూ ఉంటుంది.

వంటిల్లు. ఒకటా రెండా అని మీరు అడగలేదు గానీ ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అదే. కింద ఒక పెద్ద వంటిల్లు, అందరికీ. పైన ప్రతి అంతస్తులో చిన్న గట్టు, సింకు, ఇండక్షన్ స్టవ్, చిన్న ఫ్రిజ్. రాత్రి పదకొండుకు కాల్ ముగిశాక మీరు అన్నం వేడి చేసుకోవడానికి చీకట్లో కిందికి దిగి అత్తగారిని లేపాల్సిన పని ఉండకూడదు. అలాగే మీ మరిది వాళ్ళ అంతస్తులో ఆ గట్టు దగ్గర గ్యాసు పైపు, నీళ్ళ లైను, చిమ్నీ గొట్టం పోయే రంధ్రం ఇప్పుడే వదిలించండి. కరెంటు మీటరు కూడా అంతస్తుకొకటి పెట్టుకునేలా వైరింగ్ చేయించండి. రేపు వాళ్ళు వేరు కుంపటి పెట్టుకుంటే గోడలు పగలగొట్టక్కర్లేదు, మనసులు విరగక్కర్లేదు. వేరుగా వండుకోవడానికి వీలున్న ఇంట్లోనే ఎక్కువ కాలం కలిసి వండుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఇరుక్కుపోయినట్టు అనుకోరు.

ఓపెన్ కిచెన్ విషయంలో మీ ఆయన మాట సగం వినండి. వంట చేసే మనిషి గోడకు మొహం పెట్టుకుని ఒంటరిగా నిలబడకుండా హాలు, నడిమి జాగా కనబడుతూ ఉండటం మంచిదే. అయితే ఎండుమిర్చి తాలింపు ఘాటు హాల్లో అందర్నీ దగ్గిస్తుంది. మధ్యలో జరిపే గాజు తలుపు పెట్టండి, తాలింపు వేసేటప్పుడు మూస్తే సరి. వెనక వైపు ఐదారడుగుల వసారా తప్పనిసరి. రోలు, గిన్నెలు తోమే తొట్టి, వాషింగ్ మెషిన్, పండగకు అరిసెలు, సకినాలు చేయడానికి పెద్ద బర్నరు అక్కడే. ఆవకాయ సీజన్లో ఇల్లంతా నూనె మరకలు కాకుండా ఉండేది ఆ వసారా వల్లే. గట్టు ఎత్తు ఒకటే పెట్టకండి. నిలబడి వండే మీకు 33, 34 అంగుళాలు సరిపోతుంది. ఒక పక్క రెండున్నర అడుగుల ఎత్తులో మూడడుగుల గట్టు, కింద కాళ్ళు పట్టే ఖాళీ ఉంచితే అత్తగారు కుర్చీలో కూర్చుని కూర తరుగుతారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక వంటింట్లోంచి తప్పించేస్తే చాలామంది ఆడవాళ్ళు లోలోపల కుంగిపోతారు. పని తగ్గాలి గానీ ఆ చోటు పోకూడదు.

మెట్లు ఎక్కడ పెడతారన్న దాని మీద మీ తోడికోడలి సుఖం ఆధారపడి ఉంది. హాలు మధ్యలోంచి మెట్లు పెడితే కొత్త జంట రాత్రి సినిమాకు వెళ్ళొచ్చినా అందరి ముందు నుంచి నడవాలి. మొత్తంగా బయటి నుంచి పెడితే ఇది రెండు వాటాల ఇల్లయిపోతుంది, పిల్లలు నానమ్మ దగ్గరికి రావడానికి కూడా చెప్పులేసుకోవాలి. సింహద్వారం దాటగానే చిన్న ముందు గది, అందులోంచి మెట్లు పైకి, ఎదురుగా హాలుకు ఇంకో తలుపు. పగలు ఆ తలుపు తీసే ఉంటుంది, రాత్రి వేసుకుంటారు. ఎప్పుడైనా పై అంతస్తు అద్దెకివ్వాల్సి వచ్చినా ఇదే పనికొస్తుంది. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, కాలు పెట్టే వెడల్పు 11 అంగుళాలు, రెండు వైపులా కమ్మీ. లిఫ్ట్ ఇప్పుడే కొననక్కర్లేదు. ప్రతి అంతస్తులో ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఐదడుగుల చదరం అల్మారా గది వదిలి, అక్కడి స్లాబు తర్వాత తీసేసేలా చుట్టూ బీములు డిజైన్ చేయమని స్ట్రక్చరల్ ఇంజినీరుకు చెప్పండి. అందాకా అది బియ్యం బస్తాలకు, బొమ్మల కొలువు పెట్టెలకు పనికొస్తుంది.

మీ ఆఫీసు గది పై అంతస్తులో, అత్తమామల గది నెత్తిన రాకుండా, నడిమి జాగా మీదికి కిటికీ లేకుండా పెట్టించండి. నడిమి జాగా చల్లదనాన్నే కాదు, చప్పుడునూ ఇల్లంతా తిప్పుతుంది. తొమ్మిదంగుళాల గోడ, బోలుగా లేని చెక్క తలుపు, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, ఇంతే. పాపకు సొంత గది ఇవ్వండి. నానమ్మతో సర్దుకుంటుందిలే అంటారు. ఇంటర్ రెండేళ్ళు ఇద్దరికీ నిద్ర ఉండదు.

వాస్తు విషయంలో మామగారితో వాదనకు దిగకండి, చాలా మటుకు అది మీకు అనుకూలమే. నడుమ బ్రహ్మస్థానం బరువు లేకుండా ఉండాలంటుంది, అక్కడే నడిమి జాగా వస్తుంది. వంట ఆగ్నేయంలో అంటుంది. వేసవి చివర నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమటి వైపు నుంచే వీస్తుంది కాబట్టి వంట వాసన ఇంట్లోకి కాక బయటికి పోతుంది. నైరుతి గది పెద్దవాళ్ళకు అంటుంది, ఇవ్వండి. సాయంత్రం ఎండ ఆ పడమటి గోడనే కాలుస్తుంది కాబట్టి ఆ గోడ వైపు బాత్రూం, బట్టల అల్మారాలు పెట్టించి, మంచం లోపలికి జరపండి. సిద్ధాంతి గారిని, ఆర్కిటెక్టును ఒకే రోజు ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. విడివిడిగా కలిస్తే ఒకరు గీసింది ఇంకొకరు చెరుపుతారు, మధ్యలో మీ డబ్బు, కాలం పోతాయి. ఒక్క విషయంలో మాత్రం తగ్గకండి: వాస్తు కోసం పెద్దవాళ్ళ బాత్రూం గదికి దూరంగా జరపడానికి ఒప్పుకోవద్దు.

డాబా మీద తెల్లని పూత గానీ తెల్ల టైల్స్ గానీ వేయించండి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలకు తక్కువ స్థలాల్లో కట్టే ఇళ్ళకు దీన్ని తప్పనిసరి చేయలేదు, కానీ పై గదుల్లో పడుకునేది మీ పిల్లలు. ఇంటి సోలార్‌కు, 3 కిలోవాట్లు గానీ అంతకు మించి గానీ పెడితే, కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది, డాబాలో నీడ పడని భాగం దానికి వదిలేయండి.

అనుమతి గురించి ఒక్క మాట. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి 2020లో వచ్చిన తెలంగాణ భవన అనుమతుల చట్టం (టీఎస్-బీపాస్) ప్రకారం మన స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తారు. మీది 250 చదరపు మీటర్లు, అందులోకే వస్తుంది. సులువే, కానీ కొలతలు తప్పితే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాళ్ళే. సెట్‌బ్యాక్‌లో అడుగు కలుపుకుందామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.

చివరగా అందరూ దాటవేసే సంగతి, కాగితాలు. స్థలం మామగారి పేరున ఉంది. లోను మీరూ మీ మరిదీ కడతారు. మీ ఆడపడుచులు ఉంటే వాళ్ళ మాటేమిటి? అది మామగారి స్వార్జితమైతే తన ఇష్ట ప్రకారం గిఫ్ట్ గానీ వీలునామా గానీ రాయొచ్చు. ఏమీ రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వెళ్తుంది. పైన కట్టిన ఇల్లు ఎవరి డబ్బుతో లేచిందన్నది అప్పుడు పెద్ద తగువవుతుంది. మంచి లాయరు దగ్గర అందరూ కూర్చుని, ఎవరు ఎంత పెడుతున్నారో, ఏ అంతస్తు ఎవరిదో పునాది తవ్వకముందే రాసుకోండి. మామగారు గిఫ్ట్ డీడ్ చేస్తే, తమను చూసుకోవాలన్న షరతు అందులో రాయించమని మీరే చెప్పండి. ఆ షరతు ఉండి, దాన్ని తప్పితే 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ డీడ్‌ను రద్దు చేయించుకునే వీలు ఆయనకు ఉంటుంది. కోడలు తనంతట తానే ఆ మాట చెబితే ఆ ఇంట్లో మీ అమ్మగారి గది గురించి అడగడం కూడా సులువవుతుంది.

ప్లాన్ ఖాయం చేసే ముందు ఒక ఆదివారం పొద్దున్నే స్థలం శుభ్రం చేయించి, ముగ్గుపిండితో ఇల్లంతా అసలు కొలతల్లో నేల మీద గీయించండి. గదులు, తలుపులు, మంచాలు, వాలు, అన్నీ. ప్లాస్టిక్ కుర్చీలు తీసుకెళ్ళండి. అత్తగారిని మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా నడవమనండి. మీ తోడికోడలిని ముందు గదిలోంచి మెట్ల దగ్గరికి వెళ్ళి చూడమనండి. ముగ్గు గీతల మధ్య గదులు చిన్నగా కనిపిస్తాయి, కంగారు పడకండి, గోడలు లేచాక అంత చిన్నగా అనిపించవు. మార్పులేమైనా ఉంటే ఆ రోజే టేపు పట్టి కొలిచి రాసుకుని ఆర్కిటెక్టుకు ఇవ్వండి. పిల్లర్ల గుంతలు తవ్వాక, అందులోనూ బోడుప్పల్ రాతినేలలో, ఒక గదిని అడుగు జరపాలన్నా ఖర్చు మామూలుగా ఉండదు.